కళ్ళజోళ్ళాయన విరహం

మార్చి తొమ్మిదో తేదీ, గురువారం. ఆ ఉదయం తిన్నది ఒకవైపు మాడిన బ్రెడ్డు, ఉడికించిన గుడ్డు. కళ్ళజోళ్ళాయనకు ఇదంతా ఇప్పటికీ గుర్తుండటానికి కారణం, గుడ్డు సగం నోట్లో ఉండగా ఆయన భార్య అన్న మాట.

అంతవరకూ ఆ రోజుకు ఆయన వేసుకున్న పథకం చాలా సాదాది. పదింటికి కళ్ళజోళ్ళ దుకాణం తెరవాలి. మధ్యాహ్నం భోజనమయ్యాక కాసేపు కునుకు తీయాలి. సాయంత్రం భార్యతో బజారుకెళ్ళి చక్రాలున్న పెద్ద పెట్టె కొనాలి. ఆమె ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. దెబ్బతిన్న చేతివేళ్ళకు మళ్ళీ పట్టు తెప్పించే పని ప్రత్యేకంగా నేర్చుకోవాలని ఆమె కోరిక. దానికి వేరే నగరంలో ఆరు నెలల శిక్షణ ఉంది. రెండుసార్లు కాదన్నవాళ్ళు మూడోసారి రమ్మన్నారు. ఆదివారం ప్రయాణం.

“పెట్టె కొనక్కర్లేదండీ,” అంది ఆమె కప్పు కడుగుతూ. “నేను వెళ్ళట్లేదు.”

గుడ్డు ఎటూ పోలేక గొంతులో ఆగింది. ఆయన నీళ్ళు తాగి తేరుకుని, “అదేంటి? ఎవరైనా ఏమన్నా అన్నారా?” అని అడిగాడు.

“ఎవరూ ఏమీ అనలేదు. అన్నీ నోటితోనే చెప్పాలా ఏంటి?” ఆమె వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఆపరేషనైన మనిషిని చూసినట్టు చూసింది. “రానని రేపటిలోపు చెప్పేస్తే ఆ సీటు ఇంకెవరికో ఇస్తారట. చెప్పేస్తాను. మీరేం బెంగపెట్టుకోకండి.”

ఆయనకు ఏ బెంగా లేదు. ఆ ముక్క చెప్పేలోపే ఆమె చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

కాలేజీకి బయల్దేరుతున్న కూతురు చెవుల్లోంచి తీగలు లాగి, “నాన్నా, చేసిందంతా చేసి ఆ అమాయకపు మొహం ఏంటి?” అంది.

“నేనేం చేశానే?”

కూతురు ఫోను చూపించింది. నెల కిందట ఇంటిల్లిపాదికీ కలిపి పాటల అకౌంటు ఒకటి పెట్టింది ఆ అమ్మాయే. ఎవరు ఏం వింటున్నారో మిగిలినవాళ్ళ ఫోన్లలో కనబడుతుంది. ఆయన పేరుకెదురుగా వరసగా ఉన్నవి ఇవి: ‘నువ్వు లేని గదిలో గడియారం’, ‘వెళ్ళిపోయాక మిగిలిన దిండు’, ‘రెండో కప్పు ఎవరికి పోయను?’ అడుగున ముద్ర వేసినట్టు ఒక వాక్యం: ‘ఈ నెల మీ మనసు — విరహం.’

“ఇవి నేను విన్నానా!”

“రోజూ మధ్యాహ్నం వింటున్నావు. నీ ఏడుపు చూసి ఆ మిషను మనందరికీ ఏడుపు పాటలే వెతికి పెడుతోంది. నిన్న చదువుకుందామని ఏదో ఒకటి పెట్టమంటే ‘నీ అడుగుల చప్పుడు’ అంటూ మొదలెట్టింది. మార్కులు తగ్గితే నీ పూచీ!”

ఒకప్పుడు మనిషి పాట కోసం రేడియో దగ్గర కాపు కాసేవాడు. ఇప్పుడు పాటే మనిషి కోసం కాపు కాస్తోంది. ఒకసారి దొరికాడంటే వాడి చుట్టాలనూ వదలదు.

“అమ్మ వారం నుంచి ఇవి చూస్తోంది. నువ్వు పైకి నవ్వుతూ లోపల కుమిలిపోతున్నావని తనకి గట్టి నమ్మకం,” అని కూతురు మళ్ళీ చెవులు మూసేసుకుంది.

దుకాణానికి వెళ్తూ దారిలో ఆసుపత్రికి ఫోను చేశాడాయన. “నాకు బాధ లేదు. నువ్వెళ్ళు,” అన్నాడు.

“నాకు ధైర్యం చెబుతున్నారా?” అంది ఆమె గొంతు తగ్గించి.

“ధైర్యం కాదు, నిజం! నువ్వు లేకపోతే నాకేం కాదు. హాయిగా ఉంటాను.”

“హాయిగానా?” అని ఒక్క మాట వినబడి, ఫోను ఆగిపోయింది. బాధ ఉందంటే ఆమె ప్రయాణం ఆగుతుంది. లేదంటే సంసారమే ఆగేట్టుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

దుకాణం తలుపు తీస్తుండగానే పక్క గది దర్జీ మెడలో టేపుతో వచ్చాడు. రెండు దుకాణాల మధ్య ఉన్నది చెక్క గోడ. ఇటు తుమ్మితే అటు చిరంజీవ అంటారు.

“గురువుగారూ, నెల నుంచి వింటున్నాను. అడగకూడదని ఊరుకున్నాను,” అన్నాడు దర్జీ. “మొన్న తలుపు సందులోంచి చూశాను. కుర్చీలో వాలిపోయి, రెండు కళ్ళమ్మటా ధారలు. నా కుట్టు తప్పిపోయిందంటే నమ్మండి. ఎవరిదో పెళ్ళి కోటుకి చెయ్యి తలకిందులుగా వేసేశాను.”

“అవి కంటి చుక్కలయ్యా! కళ్ళు ఎండిపోతుంటే వేసుకుంటాను.”

“మరే. కంటి చుక్కలే,” అని దర్జీ ఎంతో మర్యాదగా తల ఊపాడు. “మా ఆవిడా అదే అంది, మీరు ఒప్పుకోరని.”

ఆ మర్యాద వీధంతా పాకినట్టుంది. కొత్త అద్దాలకు వచ్చిన ఒక పెద్దావిడ, గోడ మీది అక్షరాలు చదవమంటే, చదవకుండా ఆయన వైపు తిరిగి “పోయినవాళ్ళు తిరిగి రారు బాబూ, గుండె దిటవు చేసుకో,” అంది. ఎవరూ పోలేదమ్మా అంటే, “అలా అనుకోవడమే మంచిది,” అని కన్నీళ్ళు తుడుచుకుంది. కళ్ళు చెమ్మగా ఉంటే చూపు సరిగా తేలదు. ఆవిణ్ణి రేపు రమ్మనాల్సి వచ్చింది.

పదకొండున్నరకు బావమరిది దిగాడు. భార్య తమ్ముడు. బస్సు కంపెనీలో టైముటేబుళ్ళు వేసే ఉద్యోగం. ఇంట్లో పాటల అకౌంటులో అడక్కుండానే దూరిన నాలుగో మనిషి. కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు తగ్గించి, “ఎవరు బావా ఆవిడ?” అన్నాడు.

“ఏ ఆవిడ?”

“నా దగ్గర దాచకు. అక్కకి రమ్మని కబురొచ్చింది పదిహేను రోజుల కిందట. నీ ఏడుపు మొదలైంది నెల కిందట. ఆ మొదటి పదిహేను రోజులూ ఎవరికోసం ఏడ్చావు? లెక్క తేలట్లేదు.”

“ఒరే, నువ్వు బస్సుల లెక్క చూసుకోరా! ఈ మాట మీ అక్కతో గానీ అన్నావా?”

“ఛ ఛ, అక్కతో ఎందుకంటాను? మా ఆవిడతో అన్నాను, అంతే.”

కళ్ళజోళ్ళాయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు. బావమరిది భార్యతో అనడమంటే మైకు పట్టుకుని అనడమే.

దిక్కుతోచక కూతురికి ఫోను చేశాడు. “దానికి నీ మనసు మారిందని చూపించాలి నాన్నా. హుషారు పాటలు పెట్టు. రోజంతా ఆపకు. అదే దారిలోకొస్తుంది,” అందా అమ్మాయి. మునిగేవాడికి గడ్డిపోచ. ఆయన ఫోను తీసి పైకి కనబడిన హుషారు పాటను నొక్కి, శబ్దం పూర్తిగా పెంచాడు. డప్పులకు అరల్లోని కళ్ళజోళ్ళు గజగజ వణికాయి. చెక్క గోడ అవతల కుట్టుమిషను టక్కున ఆగింది. “అయ్యో, చివరికి మతి కూడా...” అని దర్జీ ఎవరితోనో అనడం స్పష్టంగా వినిపించింది.

పాట పేరు ఆయన చూసుకోలేదు. ఆసుపత్రిలో ఆయన భార్య చూసింది. ‘ఇక నా ఇష్టం, నన్నాపేదెవరు!’

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ముందుగదిలో కోర్టు సిద్ధంగా ఉంది. భార్య సోఫాలో, పక్కన తమ్ముడు, కింద చాప మీద కూతురు. బజారుకి పట్టుకెళ్ళాల్సిన సంచి మేకుకు వేలాడుతోంది.

“ఎవరో చెప్పండి,” అంది ఆమె. గొంతులో కోపం లేదు. అదే భయం ఆయనకు. “గొడవ చెయ్యను. నా మీద బెంగ అనుకుని మూడేళ్ళుగా తిరిగి తెచ్చుకున్న సీటు వదిలేద్దామనుకున్నాను. పొద్దున్న ఉత్తరం రాస్తూ కూర్చున్నాను కూడా. మధ్యాహ్నం చూస్తే మీరు గంతులేస్తున్నారు. నేనెవరికోసం ఆగుతున్నానో నాకైనా తెలియాలిగా?”

“ఎవరూ లేరు మహాతల్లీ! రోజూ భోజనమయ్యాక ఆఖరి జోడు బిగిస్తూ, ఫోనుకి ఒకే ఒక్క మాట చెబుతాను. కాస్త వయొలిన్ మోగుతుంది, నేను నిద్రపోతాను. ఏ పాటో, ఎవరి ఏడుపో, నేనెప్పుడూ వినలేదు!”

“ఏం చెబుతావో ఇప్పుడు చెప్పు నాన్నా,” అంది కూతురు.

ఆయన ఫోను బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకుని, “విరామ సంగీతం కావాలి,” అన్నాడు. ఫోను వెంటనే చల్లటి పిల్లనగ్రోవి వినిపించింది. చెట్లు, వాగు, దూరంగా పిట్టలు. ఎక్కడా చుక్క కన్నీరు లేదు.

“జడ్జి ముందు దొంగ కూడా ఇలాగే చక్కగా మాట్లాడతాడు,” అన్నాడు బావమరిది.

కళ్ళజోళ్ళాయన రోజూ చేసే పనిని మనసులో ఒక్కొక్కటిగా చేసి చూసుకున్నాడు. కుర్చీలో కూర్చోవడం. ఎడం చేతిలో ఫ్రేము. కుడి చేతిలో స్క్రూడ్రైవరు. మరి స్క్రూ? ఆయన ఉన్నట్టుండి లేచి బావమరిది కళ్ళజోడు లాగేశాడు.

“బావా! నా కళ్ళు!”

“కాసేపు గుడ్డివాడిగా ఉండు, నష్టం లేదు.” జేబులోంచి బుల్లి స్క్రూడ్రైవరు తీసి, జోడు చెయ్యి దగ్గరున్న స్క్రూ ఊడదీశాడు. ఆవగింజంత ఉంటుంది, బల్ల మీద పెడితే పోతుంది. అందుకే ముప్పై ఏళ్ళుగా పెట్టే చోటే పెట్టాడు, పెదవుల మధ్య. ఆ పెదవులతోనే ఫోనుకు చెప్పాడు.

‘మ’ పలకాలంటే పెదవులు కలవాలి. మధ్యలో స్క్రూ ఉంటే కలవవు.

“విరా...హ సంగీతం కావాలి.”

‘విరహ సంగీతం. ఇదిగోండి,’ అని ఫోను తెర మీద సానుభూతిగా పడింది. ‘వెళ్ళిపోయాక మిగిలిన దిండు’ మొదలైంది.

కూతురు చాప మీద పడి దొర్లి దొర్లి నవ్వింది. బావమరిది ఏం జరిగిందో కనబడక, “ఏమైంది? ఎవరైనా వచ్చారా?” అని తలుపు వైపు చూశాడు. కళ్ళజోళ్ళాయన స్క్రూ అరచేతిలోకి ఊసి, కేసు గెలిచిన ప్లీడరులా నిలబడ్డాడు.

“చూశావా? నేనడిగింది విరామం! విరహం కాదు! నెల రోజులూ ఒక్క రోజు కూడా నేను విరహం అడగలేదు!”

ఆయన భార్య నవ్వలేదు.

“ఒక్క రోజు కూడానా?”

“ఒక్క రోజు కూడా,” అన్నాడాయన ఇంకా గర్వంగా. కూతురు కింద నుంచి ఆయన పాంటు అంచు పట్టుకుని లాగుతోంది గానీ, ఆయన గమనించలేదు.

“అంటే, పెళ్ళాం ఆరు నెలలు వెళ్ళిపోతోందని తెలిసి కూడా మీరు హాయిగా వేళకి అన్నం తిని, వేళకి కునుకు తీశారు.”

“మరి... నిద్ర పట్టింది.”

“వారం రోజులు ఈ పాటలు చూసుకుని, ఇన్నేళ్ళకి ఒక మనిషి నాకోసం ఏడుస్తున్నాడని నేనెంత మురిసిపోయానో తెలుసా? ‘రెండో కప్పు ఎవరికి పోయను’ విని వార్డులో ఏడ్చాను కూడా. ఒక రోగి నాకు నీళ్ళిచ్చాడు.” ఆమె లేచి మేకు మీది సంచి తీసుకుంది. “దుకాణాలు ఎన్నింటిదాకా ఉంటాయి?”

“ఎనిమిది దాకా.”

“పదండి. పెద్దది కొంటాను. వెళ్తున్నాను. మీరిక్కడ తనివితీరా విరామం తీసుకోండి.”

ఆ కోపంలో ఆమె నడక వయసు పదేళ్ళు తగ్గింది. వెనకాలే వెళ్తూ కళ్ళజోళ్ళాయన, తిట్లు తింటున్నవాడు నవ్వకూడదు కాబట్టి, నవ్వు ఆపుకున్నాడు. పెట్టెల దుకాణం ఇంకా తెరిచే ఉంది. ఆమెకు కావలసిన నీలం రంగులో ఒకటి మిగిలి ఉంది. దేవుడు అప్పుడప్పుడూ ఇంతమాత్రం చేస్తాడు.

ఆదివారం ఆమె వెళ్ళింది. రైలు కదిలేదాకా మందుల గురించి, గ్యాసు గురించి మాట్లాడింది గానీ సంగీతం ఊసెత్తలేదు.

మర్నాడు రాత్రి భోజనాలయ్యాక ఫోను వచ్చింది. గది బాగుందట. మొదటి రోజే ఒకాయన చెయ్యి చూపించారట, చిటికెన వేలు కదిలిందట. ఆ వేలి గురించే చాలాసేపు చెప్పింది. చివరికి, “పొద్దున్నుంచి మీరేమీ విన్నట్టు లేదే?” అంది.

“ఏమీ వినలేదు. నీకెలా తెలుసు?”

“ఎలాగో తెలుసులెండి. ఊరికే, ఫోను అటూ ఇటూ జరుపుతుంటే కనబడింది. ఉంటాను. పడుకోండి.”

ఆయన పెదవుల మధ్య ఏమీ లేకుండా, ఒక్కొక్క అక్షరం విడివిడిగా, “విరహ సంగీతం కావాలి,” అన్నాడు. ఫోనును భోజనాల బల్ల మీద పెట్టి, పక్క గదిలో చదువుకుంటున్న కూతురికి అడ్డం రాకుండా శబ్దం బాగా తగ్గించాడు. గది దీపం ఆర్పి, పడకగదిలోకి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు.

ఆ పాట అక్కడ కనబడటానికే గానీ, ఇక్కడ వినబడటానికి కాదు.