కాలువ ఫోటోకు ప్రథమ బహుమతి

ఒక వస్తువు ఉన్నదా, లేదా అన్న ప్రశ్న మీద తత్త్వవేత్తలు తరతరాలు తర్జనభర్జన పడి తేల్చలేకపోయిన సంగతిని మా బిలాస్‌పూర్‌లోని పరిసర సౌందర్య విభాగం ఒకే వాక్యంలో తేల్చివేసింది: "ఫోటోలో ఉన్నదే ఉన్నది." విభాగం వారి 'నిర్మల నేత్రం' యాప్ తెరవగానే ఈ సూత్రం దర్శనమిస్తుంది. నేను రైల్వే స్కూల్లో భౌతికశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ణి. ప్రత్యక్ష ప్రమాణాన్ని తప్ప మరొకదాన్ని నమ్మినవాణ్ణి కాను. (పక్కనున్న బెల్తరా అనే ఊళ్లో ఒక స్వామి నీటి మీద నడుస్తున్నాడంటే వెళ్లి, నీటి అడుగున ఉన్న చెక్క పలకను పైకి తీసి చూపించాను. భక్తులు పలకకు కూడా దండం పెట్టుకున్నారు.) కనుక సాక్ష్యం అడిగే విభాగం ఒకటి పుట్టినందుకు మనస్ఫూర్తిగా సంతోషించాను. ఆ సంతోషం మా వీధిలో కాలువ మీది శ్లాబు విరిగేవరకు నిలిచింది.

మాది రైల్వేలో రిటైరైన తెలుగువారు ఇళ్లు కట్టుకున్న వీధి. వ్యాపార్ విహార్ మార్కెట్టుకు పోవలసిన లారీ ఒకటి దారి తప్పి వచ్చి, వెనక్కి తిరిగే ప్రయత్నంలో మా వీధి పెద్దావిడ అప్పలనర్సమ్మగారి గేటు ముందున్న శ్లాబును విరిచి మురికి కాలువలోకి దించింది. ఆవిడ మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఇంటికి చేరిన మర్నాడే ఈ ఘనకార్యం జరిగింది. రోజూ చదునైన నేల మీద బాగా నడవాలనీ, లేకపోతే మోకాలు బిగుసుకుపోతుందనీ డాక్టరుగారు హెచ్చరించి ఉన్నారు. ఆవిడ వరండా పొడవు ఒక మంచమంత.

వంతెనల ఇన్‌స్పెక్టరుగా రిటైరైన రమణబాబు వెంటనే రైలు పట్టాల కింద వేసే పాత స్లీపరు చెక్క ఒకటి తెచ్చి కాలువకు అడ్డంగా వేశాడు. విభాగం వారు అంతకంటే వెంటనే వచ్చి, కాలువను ప్రైవేటు వ్యక్తులు కప్పడం ఆక్రమణ అవుతుందని వివరించి, చెక్కను అదుపులోకి తీసుకున్నారు. (ఆక్రమణను గుర్తించడానికి వారికి ఫోటో అక్కర లేదు.)

"నాను గేటు దాటి ఎన్నాళ్లయిందో తెలుస్తందా మీకు?" అని అప్పలనర్సమ్మగారు వరండాలోంచి అడిగారు. "ఈ మోకాలు బిగిసిపోతే మీ ముగ్గురూ నన్ను మొయ్యాల. నాను తేలిగ్గా ఉండను. ముందే సెప్తన్నాను."

ముగ్గురంటే రమణబాబు, నేను, జీవితకాలం గూడ్సు బళ్లు నడిపిన డ్రైవరు చంద్రమౌళి. మేము ఒక ఫోటో తీసి ఫిర్యాదు పంపాం. జవాబు వచ్చింది: "ఫోటో మసకగా ఉన్నందున, సదరు స్థలమున గుంత ఉన్నదో, మసక ఉన్నదో నిర్ధారింపజాలము. మసక అయినచో అది ఫిర్యాదుదారుని సొంత ఆస్తి." కింద ఉప దృశ్య పరిశీలకుడు రాంప్రసాద్ సంతకం, వెనుక ఉత్తమ ఛాయాగ్రహణ నియమావళి.

నియమావళిని శ్రద్ధగా చదివాను. లెన్సును మెత్తని గుడ్డతో తుడవాలి. తెర మీద అడ్డగీతలు, నిలువుగీతలు ఆన్ చేసుకుని దృశ్యాన్ని వాటితో సరిచూసుకోవాలి. సైజు అన్నింటికన్నా పెద్దది ఎంచుకోవాలి. వేళ్లతో సాగదీసి పెద్దది చేయరాదు. కాళ్లతో నడిచి దగ్గరకు పోవాలి. (కాలువ విషయంలో ఎంత దగ్గరకో చెప్పలేదు.) ముఖ్యమైన వస్తువును తెర మీద వేలితో తాకి, వెలుతురు కాస్త తగ్గించాలి. శాస్త్రపరంగా ఒక్క తప్పు లేదు. ప్రభుత్వ పత్రంలో తప్పు దొరకకపోవడం నన్ను కొంత కలవరపెట్టింది.

చంద్రమౌళి తన కొత్త ఫోనుతో సిద్ధమయ్యాడు. ఇంజనులో ఒక ఆచారం ఉంది: సిగ్నల్ కనిపించగానే డ్రైవరు దాన్ని పైకి చెప్పాలి, పక్కనున్న అసిస్టెంటు తిరిగి చెప్పాలి. ఫోటో కూడా ఆ పద్ధతిలోనే తీయాలని ఆయన తీర్మానించి, రమణబాబును అసిస్టెంటుగా నియమించుకున్నాడు.

"లెన్సు!"

"లెన్సు తుడిసేం!"

"గీతలు!"

"గీతలు ఆన్!"

"ఫ్లాషు!"

"ఫ్లాషు ఆఫ్! ఉండుండు మౌళీ, మూల ఇదేటి, ఆకులాగ వెలుగుతోంది?"

"ఏ రంగు?"

"పచ్చ."

"పచ్చే గదా? మరింకేటి, ఎల్లిపోడమే!" అని చంద్రమౌళి బటన్ నొక్కాడు.

ఆ ఆకు ఫోనువారి సొంత సేవ అని తర్వాత తెలిసింది. ఎదురుగా ఉన్నదేమిటో ఫోను తనంతట ఊహించి, అది ఎలా ఉంటే బాగుంటుందో అలా రంగులు దిద్దుతుంది. కాలువ గట్టు మీది పాచిని చూసి ఉద్యానవనమని ఊహించింది. వద్దనుకుంటే ఆకును తాకి ఆర్పవచ్చు. అయితే బతుకంతా పచ్చ దీపం చూసి బండిని ముందుకు పోనిచ్చిన మనిషిని, పచ్చ దీపాన్ని అనుమానించమనడం న్యాయం కాదు.

ఫోటో అద్భుతంగా వచ్చింది. నీరు నీలం. పాచి పచ్చిక. తేలే ప్లాస్టిక్ సంచులు తెల్ల కలువలు. విరిగిన శ్లాబు ప్రాచీన స్నానఘట్టంలా ఉంది. అప్పలనర్సమ్మగారు కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఎంత బాగుందో! ఏ ఊరిది? రైలు పాసు మీద ఎల్లొచ్చేటి?"

"మీ గేటే పిన్నీ," అన్నాడు చంద్రమౌళి.

"నా గేటా! మరి నానింకా ఈ వరండాలో ఎందుకు కూకున్నాను?"

ఇది సాక్ష్యం కాదు, అలంకారం అని నేను అభ్యంతరం చెప్పాను. "నియమావళి ప్రకారమే తీసేం గదా మేస్టారూ," అని చంద్రమౌళి పంపించేశాడు. జవాబు అదే రోజు వచ్చింది: "నాణ్యత అత్యుత్తమం. ఇందులో ఫిర్యాదు ఏదీ కనిపించలేదు. ఇబ్బంది ఉన్నచో వీడియో పంపవలెను."

ఇబ్బంది స్పష్టంగా కనిపించాలని చంద్రమౌళి వీడియోను స్లో మోషన్‌లో పెట్టాడు. అప్పలనర్సమ్మగారు గేటు దగ్గర కాలు చాచారు, వెనక్కి తీసుకున్నారు, చేయి గాలిలో తిప్పి స్తంభం పట్టుకున్నారు. విభాగం స్పందన: "నృత్య ప్రదర్శనలు ఈ యాప్‌లో స్వీకరించబడవు." (అభినయం బాగుందని అదనంగా రాశారు.)

ఇంతలో మరొక సంగతి జరిగింది. నాణ్యతలో మంచి మార్కులు వచ్చిన ఫోటోలు వాటంతటవే 'సుందర వీధి' పోటీకి చేరతాయట. మా కాలువకు ప్రథమ బహుమతి వచ్చింది. బహుమతి ఏమిటంటే, ఆ ఫోటోనే పెద్దది చేసి, దళసరి ఇనుప రేకు మీద అచ్చువేసి, చుట్టూ ఇనుప చట్రం బిగించిన ఫలకం. దాన్ని ఆ స్థలంలోనే పాతిపెడతారు. రాంప్రసాద్ స్వయంగా టెంపోలో తెచ్చి, ఫలకాన్నీ వీధినీ మార్చి మార్చి చూస్తూ అటూ ఇటూ తిరిగాడు. మా వాళ్ల పిల్లలతో కలిసి చదివినవాడు కనుక అతనికి తెలుగు వచ్చు.

"అంకుల్‌జీ, ఈ ఝీల్, అదే, ఈ చెరువు ఎక్కడ ఉంది?"

"దాని ఒడ్డునే నిలబడ్డావు నాయనా," అన్నాను.

అతను కాలువను చూసి, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "అచ్ఛా... ఫోటో సహీగానే ఉంది అంకుల్. లొకేషన్ కూడా సహీ. జాగా ఒక్కటే గలత్."

"అయితే ఫోటో తప్పని రాయి."

"ఎలా రాస్తాను? ఫోటోకి ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. జాగాకి ఏం వచ్చింది, మీరే చెప్పండి!"

స్థలాన్ని ఫోటోకు అనుగుణంగా నిర్వహించవలసిన బాధ్యత నివాసులదే అని ఒక నోటీసు అతను నా చేతికిచ్చాడు. గోతులు తవ్వడం వేరే సెక్షన్ పని కావడంతో, ఫలకాన్ని గేటు స్తంభానికి ఆనించి వెళ్లిపోయాడు. ఫలకం అడుగున చిన్న అక్షరాలున్నాయి: "దీనిని ఈ స్థలమునుండి తొలగించువారు శిక్షార్హులు."

అప్పలనర్సమ్మగారు గేటు పట్టుకుని ఫలకాన్ని పైనుంచి కిందికి చూశారు. "రమణా, ఇది నన్ను మోస్తాదేటి?"

రమణబాబు చట్రాన్ని రాయితో తట్టి విన్నాడు. కాలువకు అడ్డంగా పరిచాడు. ఎక్కి నిలబడ్డాడు, గెంతాడు. తర్వాత ఉద్యోగం రోజుల నాటి గొంతుతో ప్రకటించాడు: "నడక వేగం దాటకూడదు. ఒక్కసారికి ఒక్కరే."

బహుమతి మీద గౌరవంతో, బొమ్మ కిందికి ఉండేలా తిరగెయ్యాలన్నాడు చంద్రమౌళి.

"పైకే ఉండనీ మౌళీ. కింద కాలవుందని నలుగురికీ తెలియాల గదా," అన్నారావిడ.

కర్ర ముందుకు వేశారు. కాలు వేశారు. మోకాలు వంగింది. మేం ముగ్గురం ఆవిడ పాదాలనే చూస్తూ నిలుచున్నాం. అవతలి ఒడ్డు చేరాక ఆవిడ వెనక్కి తిరిగారు.

"ఏటలా సూస్తన్నారు? పచ్చే!"

తర్వాత రాంప్రసాద్ తనిఖీకి వచ్చాడు. ఫలకాన్ని తీయించబోయి, అడుగున చిన్న అక్షరాలు చదువుకుని, ఆగిపోయాడు. ఆవిడ కాలువ దాటుతుండగా తన ఫోనుతో ఫోటో తీసుకున్నాడు. అతని ఫోనులోనూ ఆకు వెలుగుతూనే ఉంది. కాలువ నీరు నీలమైంది. ఫలకం మీది నీరు ముందే నీలం. రెంటికీ మధ్య అంచు కలిసిపోయింది. మర్నాడు మాకు తుది ఉత్తర్వు అందింది:

"సదరు స్థలమున వృద్ధ మహిళ నీటిపై నడుచుచుండగా విభాగం స్వయంగా చిత్రీకరించినది. కావున శ్లాబు అవసరం లేదని తేల్చి, ఫిర్యాదును మూసివేయడమైనది."

నీటి మీద నడిచే ప్రతివారి కాళ్ల కిందా ఒక పలక ఉంటుందని నేను ఊరూరా తిరిగి చెప్పాను. ఇప్పుడూ ఉంది. అయితే అది ఫోటోలో లేదు.

అప్పలనర్సమ్మగారు రోజూ వీధి చివరిదాకా నడిచి వస్తున్నారు. మోకాలు చక్కగా వంగుతోంది. కాలువ కంపు గురించి నిన్న కొత్తగా ఫిర్యాదు పెట్టాం. స్పష్టమైన ఫోటో జతచేయమన్నారు.