ఎడమచేతి సాక్షి

ఆ రోజు పొద్దున పీఏ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, నీలం చొక్కా వేసుకోవాలి, టాక్సీలో వెళ్లి మేస్త్రిని ఎక్కించుకోవాలి, నగర సభ హాల్లో రెండో వరుసలో కూర్చోబెట్టాలి. మేస్త్రి తన కథ చెప్పుకుంటాడు, జనం వింటారు, మేడమ్ సంతోషిస్తారు. మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి ఓ కునుకు తీయవచ్చు.

మేడమ్ అంటే నగర సభ సభ్యురాలు. కాగితాలు లేకుండా దేశంలోకి వచ్చి కూలో నాలో చేసుకుంటున్న వాళ్లకు కూడా ప్రభుత్వ ఖర్చుతో వైద్యం అందాలని ఆమె బిల్లు పెట్టారు. ముందే చూపించుకుంటే మాత్రతో పోయే జబ్బు, భయపడి దాచుకుంటే ఆపరేషన్ దాకా వస్తుందని ఆమె వాదన. ఇక్కడ పుట్టి పన్నులు కట్టేవాళ్లకే ఆసుపత్రిలో మంచం దొరకడం లేదు, ముందు వాళ్ల సంగతి చూడండని మీసాల మెంబరు వాదన. ఇద్దరి మాటలోనూ ఎంతో కొంత న్యాయం ఉంది గనక ఊళ్లో చాలా ఇళ్లలో అన్నదమ్ములకు మాటల్లేవు.

ఆ రోజు బహిరంగ విచారణ. కాగితాలు లేని మనిషే స్వయంగా వచ్చి మాట్లాడతాడని మేడమ్ పత్రికల వాళ్లకు చెప్పేశారు. ఇళ్ల పైకప్పులు వేస్తూ జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్న ఆ మేస్త్రిని వెతికి పట్టుకుని, బతిమాలి ఒప్పించింది పీఏయే. మేడమ్ అతని మొహం కూడా చూడలేదు.

గడ్డం సగం గీసుకున్నాక ఫోను మోగింది.

"సార్, నేను రాలేను," అన్నాడు మేస్త్రి. "గేటు దగ్గర వలసల పోలీసులు నిలబడతారట కదా."

"వాళ్లు ఊరికే నిలబడతారయ్యా. ఏం కాదు."

"మీకేం కాదు సార్," అని మేస్త్రి ఫోను పెట్టేశాడు.

పీఏ నురగ మొహంతో అలాగే కుర్చీలో కూలబడ్డాడు. సాక్షి లేకపోతే మేడమ్ పరువు పోతుంది. ఆమె పరువు పోతే తన ఉద్యోగం పోతుంది. భార్య కాఫీ తెచ్చి, సంగతంతా విని, చాలా మామూలుగా అంది.

"మా తమ్ముడున్నాడుగా."

ఉన్నాడు. వారం ఉండి పోతానని వచ్చి, ముందు గదిలో సోఫాకు గుంట పడేదాకా ఉన్నాడు. వృత్తి రంగస్థల నటన. ఆఖరిసారి శవం వేషం ఇస్తే, చచ్చిపోయాక కూడా రెండు డైలాగులు చెప్పాడని నాటకంలోంచి తీసేశారు.

"నోరు విప్పకూడదు," అన్నాడు పీఏ. "చేతికి పట్టీతో కూర్చోవాలి, అంతే. ఎవరైనా అడిగితే, సిగ్గరి, జనంలో మాట్లాడలేడని నేను చెప్తాను."

"సరే బావా. ఇంతకీ నా పాత్రకు ఏం విరిగింది?"

"చెయ్యి."

"అది నాకూ తెలుసు. లోపల ఏం విరిగిందని అడుగుతున్నా."

పీఏ టాక్సీ కోసం వీధిలోకి పరిగెత్తాడు. ఈలోగా అక్క, స్నానాల గది గోడకు పూయగా మిగిలిన ప్లాస్టర్ పొడి కలిపి, పాత దుప్పటి చింపి, తమ్ముడికి చక్కటి పట్టీ వేసింది. అది ఎడమచేతికి వేసిందన్న సంగతి పీఏ టాక్సీలో కూర్చున్నాక గానీ చూసుకోలేదు.

"కుడిచెయ్యిరా! పేపర్లో కుడిచెయ్యని వచ్చింది!"

"కుడిచెయ్యి కట్టేస్తే అభినయం ఎలా బావా?"

అప్పటికే పట్టీ రాయిలా బిగిసింది. టాక్సీవాడు అద్దంలోంచి ఇద్దర్నీ చూసి, తనకెందుకని హారన్ కొట్టాడు.

హాలు కిటకిటలాడుతోంది. గోడవారన వలసల పోలీసులు నిలబడ్డారు. ముందు వరుసలో, సలహా చెప్పడానికి పిలిచిన ఎముకల డాక్టరమ్మ కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటోంది. మేడమ్ తన ప్రసంగం ముగించి, రెండో వరుస వైపు చెయ్యి చూపి, "ఇతణ్ణి చూడండి," అన్నారు. అందరూ చూశారు. మీసాల మెంబరు అందరికంటే శ్రద్ధగా చూశాడు.

"పేపర్లో కుడిచెయ్యన్నారు?"

పీఏ లేవబోయాడు. బావమరిది అప్పటికే లేచి నిలబడ్డాడు.

"కుడిది దానంతటదే అతుక్కుందయ్యా," అన్నాడు గాద్గదికంగా. "ఇది రెండోసారి పడ్డప్పటిది."

"అంటే, ఏ ప్రభుత్వ సాయమూ లేకుండానే అతుక్కుందన్నమాట!" మీసాల మెంబరు సభవైపు తిరిగాడు. "మరి ఈ బిల్లెందుకు?"

వెనక వరుసల్లో చప్పట్లు మోగాయి. తను చెప్పిన డైలాగుకు ఇంకొకరికి చప్పట్లు పడటం బావమరిది జన్మలో భరించలేడు. కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని, తన కిడ్నీ గురించి మొదలుపెట్టాడు. కిడ్నీ నుంచి గుండెకు వెళ్లాడు. గుండె దగ్గర ఎవరో ఆడమనిషి ముక్కు చీదింది. పీఏ అతని చొక్కా కొస పట్టుకుని లాగుతూనే ఉన్నాడు. ఆ లాగుడుకు అతను తూలడం కూడా నీరసంలా కనిపించి సన్నివేశానికి కలిసొచ్చింది.

"ఇక నా దగ్గు," అన్నాడు బావమరిది, గొంతు తగ్గించి. "రాత్రంతా దగ్గు. నెత్తురు పడుతోంది. నాతోపాటు గదిలో ఉన్నవాళ్లందరికీ వచ్చింది."

అని, నమూనాకు ఒకసారి దగ్గాడు.

మొదటి వరుస లేచి మూడో వరుసలోకి వెళ్లింది. మూడో వరుస తలుపు వైపు కదిలింది. ఎవరో కిటికీలు తెరిచారు, ఇంకెవరో చలిగాలి కొడుతోందని మూశారు. "చూశారా, ఇలాంటి వాళ్లను రానిస్తే ఇంతే!" అని ఒకరంటే, "చూశారా, వైద్యం చేయకపోతే ఇంతే!" అని పక్కవాడు అన్నాడు. ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. మీసాల మెంబరు రుమాలుతో మూతి, మీసం రెండూ కప్పుకున్నాడు.

ఆ గందరగోళంలో నిబ్బరంగా ముందుకొచ్చింది డాక్టరమ్మ ఒక్కతే. బావమరిది చెయ్యి పట్టుకుని, పట్టీ మీద వేలితో తట్టింది. పెచ్చు ఊడి కిందపడింది. ఆమె దాన్ని తీసి వాసన చూసింది.

"ఇది గోడలకు పూసేది," అంది. "చేతికి ఏమీ కాలేదు. దగ్గు కూడా గొంతులోంచే వస్తోంది, ఊపిరితిత్తులకు తెలీదు."

హాలంతా సద్దుమణిగింది. ఇన్‌స్పెక్టరు వచ్చి "ఎవరు నువ్వు?" అన్నాడు.

"రంగస్థల నటుణ్ణి," అన్నాడు బావమరిది, ఎన్నాళ్లకు అడిగారన్నట్టు. జేబులోంచి ఫొటో ఉన్న గుర్తింపు కార్డు తీసిచ్చాడు. అందులో రాజు వేషంలో ఉన్నాడేమోనని ఇన్‌స్పెక్టరు రెండుసార్లు చూశాడు. మామూలుగానే ఉన్నాడు. ఇక్కడే పుట్టాడు.

మేడమ్ పీఏ వైపు తిరిగారు. పీఏ కుడితిలో పడ్డ ఎలుకలా చూశాడు.

"అసలు మనిషి భయపడి రాలేదు మేడమ్."

"అసలు మనిషే లేడు!" అని మీసాల మెంబరు బల్ల గుద్దాడు. "ఉంటే ఏడీ?"

"ఉన్నానండీ," అని ఆఖరి వరుసలోంచి వినిపించింది.

మేస్త్రి నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఏ తలుపులోంచి వచ్చాడో తెలీదు. కుడిచేతి పట్టీ విప్పించుకోవలసిన కాలం దాటిపోయి, మసిబారి, అంచులు పీచుపీచులుగా ఉంది. లోపల చెయ్యి వంకరగా అతుక్కుందని దూరం నుంచే తెలుస్తోంది.

"మాటిచ్చాను కదా, రాకుండా ఉండలేకపోయానండీ," అన్నాడు. "పడింది నేనే. నాకు కాగితాలు లేవు. పట్టీ తీయించుకోవడానికి వెళితే కాగితాలు అడిగారు. అందుకే తీయించుకోలేదు."

హాలు గొల్లున నవ్వింది. నవ్వీ నవ్వీ ఒకాయనకు పొలమారింది.

"ఇదేం పట్టీ అయ్యా! మరీ ఇంత మురికా!" అన్నాడు మీసాల మెంబరు, రుమాలు తీసేసి. "ఎంతిస్తామన్నారు నీకు?"

"బావా!" బావమరిది మొహం నల్లబడింది. "ఇతన్ని కూడా పెట్టావా? నాతో ఒక్క మాటైనా చెప్పలేదే!"

ఇన్‌స్పెక్టరు మాత్రం నవ్వలేదు. మేస్త్రి దగ్గరికి వెళ్లి, ఆ పట్టీని కాసేపు చూసి, పీఏని పిలిచాడు. "ఇతనెవరు?"

పీఏ లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే మేడమ్ పరువు నిలబడుతుంది, బిల్లు నిలబడుతుంది, తన ఉద్యోగమూ నిలబడుతుంది. మేస్త్రి ఒక్కడే పోలీసు బండి ఎక్కుతాడు.

"ఇతనూ మా మనిషేనండీ," అన్నాడు. "మొదటివాడు సరిగ్గా చేయకపోతే పనికొస్తాడని పెట్టుకున్నాను."

"సార్, నేను నిజంగానే..." మేస్త్రి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చాలించవయ్యా! నాటకం అయిపోయింది, ఇంటికి పో," అని పీఏ అరిచాడు. అరుస్తూనే అతని మంచిచెయ్యి గట్టిగా నొక్కాడు. మేస్త్రి ఆ చేతివంక చూశాడు, పీఏ మొహంవంక చూశాడు, తల వంచుకున్నాడు.

ఇన్‌స్పెక్టరే స్వయంగా గేటు తీసి అతన్ని బయటికి పంపాడు. "కన్నీళ్లు బాగా పెట్టావు," అని మెచ్చుకున్నాడు. "మేకప్పే కాస్త తగ్గించుకో."

వీధి మలుపులో డాక్టరమ్మ కారు ఆపుకుని ఉంది.

"ఎక్కు. ఆ చెయ్యి మళ్లీ విరిచి సరిచెయ్యాలి. ఇంకా ఆలస్యం చేస్తే సుత్తి పట్టలేవు."

"అమ్మా, నా దగ్గర కాగితాలు..."

"నాకు ఎక్స్‌రే చాలు. ఎక్కు."

లోపల మేడమ్ తన ఫైళ్లు సర్దుకుని, రేపటినుంచి రావద్దని పీఏతో చెప్పారు. తలుపుదాకా వెళ్లి ఆగారు.

"ఆ రెండోవాడు..."

"నటుడే మేడమ్."

"సరే. ఆ నటుడి చెయ్యి తొందరగా నయం కావాలన్నానని చెప్పు," అని వెళ్లిపోయారు.

కాగితాలు లేని మనుషులు అసలీ నగరంలో ఉన్నారనడానికి ఒక్క సాక్ష్యమూ దొరకలేదని తీర్మానించి, సభ ఆ సాయంత్రం బిల్లును వాయిదా వేసింది.