అరువు దుమ్ము

ఆ ఉదయం కర్టెన్లన్నీ దించి ఉతికేద్దామని అత్త నడుం బిగించింది. స్టూలెక్కి మొదటి కర్టెన్ మీద చెయ్యి వేసిందో లేదో, మేనకోడలు భుజాన సంచీతో వచ్చి, "అత్తా, దిగు. కొన్నాళ్లు ఏదీ తుడవకు, ఏదీ ఉతక్కు," అంది. ఆ ఇంట్లో అత్తను శుభ్రం చెయ్యొద్దనే ధైర్యం అంతవరకూ ఎవరూ చేయలేదు.

ఇళ్లలో మనతోపాటు కాపురం చేసే సూక్ష్మజీవుల మీద మేనకోడలు పరిశోధన చేస్తోంది. కుక్క ఉన్న ఇంటికీ లేని ఇంటికీ వాటిలో తేడా ఏమిటో తేల్చాలి. అత్త కాపురం మేడ మీద. కింది వాటాలో తోడికోడలు, ఆవిడ బొచ్చుకుక్క. ఒకే కప్పు, ఒకే నీళ్లు, తేడా కుక్క ఒక్కటే. పోల్చి చూడటానికి ఇంతకన్నా మంచి ఇళ్ల జంట వెతికినా దొరకదట. రెండిళ్లలోనూ తలుపు చట్రం పైఅంచున దుమ్ము పేరుకోవాలి, దిండు గలీబులు మాయాలి. అప్పుడు దూదిపుల్లతో అద్దుకుని తీసుకెళ్తుంది.

మా ఇంట్లో క్రిములేమిటని అత్త మండిపడింది. అవి లేని ఇల్లే ఉండదని, చాలావాటివల్ల ఏ హానీ లేదని మేనకోడలు నచ్చజెప్పింది. ఈ జంట చెడితే తన పట్టా అటకెక్కినట్టేనని కూడా చెప్పింది. అన్న కూతురి చదువు కదా అని అత్త పళ్లబిగువున ఒప్పుకుంది.

గలీబుల విషయంలో మాట నిలబెట్టుకుంది. తలుపు చట్రం దగ్గరే మనసు పట్టు తప్పింది. తన ఇంట్లో తనకు తెలిసి దుమ్ము కూర్చుంటే ముద్ద ఎలా దిగుతుంది? ఓ సాయంత్రం తడిగుడ్డ తీసుకుని పైఅంచంతా తుడిచి పారేసింది. ఆ రాత్రే కాస్త నిద్రపట్టింది.

తీరా మేనకోడలు బయల్దేరానని ఫోన్ చేసిన పొద్దున చట్రం అద్దంలా మెరిసిపోతోంది. చేతులారా పిల్ల చదువు పాడుచేశానే అని అత్త కుమిలిపోయింది. ఉన్నట్టుండి దుమ్ము ఎక్కడ దొరుకుతుంది? తోడికోడలి ఇంట్లో కాక! ఆవిడ కుక్కను తిప్పడానికి వెళ్లిన సమయం చూసి, తన దగ్గరుండే రెండో తాళంచెవితో కింది వాటా తెరిచింది. అక్కడి చట్రం మీది దుమ్మంతా కాగితంలోకి ఊడ్చుకుని, మేడెక్కి తన చట్రం మీద పొందికగా చల్లింది. చల్లుతున్నంతసేపూ ఆవిడ ఇల్లు చూసుకునే తీరును తిట్టుకుంటూనే ఉంది.

మేనకోడలు రెండిళ్లలోనూ తీసుకెళ్లిన నమూనాల ఫలితాలు వచ్చాక రభస మొదలైంది. కుక్క లేని ఇంట్లో కుక్క జాడ దండిగా ఉందట. కుక్క ఉన్న ఇంటి తలుపు మీద చెప్పుకోదగ్గ దుమ్మే లేదట. నమూనాలు తారుమారు చేశావని ప్రొఫెసర్ మేనకోడల్ని అందరిముందూ దులిపేశాడు. ఇలాగైతే పరిశోధన మానుకోమన్నాడు. తోడికోడలు మాత్రం కుక్క ఉన్నా తన ఇల్లే శుభ్రమని బంధువులందరికీ చాటేసింది. ఏ జాతి కుక్కను తెచ్చుకున్నావు వదినా అని ఆడపడుచు అత్తకు ఫోన్ చేసి మరీ అడిగింది. కాపురానికొచ్చిన నాటినుంచి తుడుస్తున్న ఇంటికి ఇదా దక్కిన పేరు? అత్తకు ఒళ్లు భగ్గుమంది. నిజం చెబితే దొంగ, చెప్పకపోతే మురికి మనిషి. ఆలోచించుకుంటే దొంగే నయమనిపించింది. పైగా ఆ పిల్ల తిండి మానేసి ఏడుస్తోంది.

అత్త మేనకోడల్ని, భర్తను వెంటబెట్టుకుని కిందికి దిగింది.

"మా ఇంటి చట్రం మీద ఉన్నది మా దుమ్ము కాదు. ఈ ఇంటిది. నేనే తీసుకెళ్లాను," అంది.

తోడికోడలి ముఖం ఎర్రబడింది. "మా ఇంట్లో దుమ్మెక్కడుంది అక్కా, తీసుకెళ్లడానికి?"

"రెండిళ్లకు సరిపడా ఉంది."

ఇద్దరి మధ్యకూ మేనకోడలు వచ్చి నిలబడింది. "చట్రం సంగతి సరే అత్తా. మరి నీ దిండు గలీబో? కుక్క జాడ అక్కడే ఎక్కువుంది. దాని మీద కూడా చల్లావా?"

అత్త చల్లలేదు. తలపెట్టుకునే దిండు మీద దుమ్ము పోసుకునేంత మతి పోలేదు. ముగ్గురూ భర్త వైపు తిరిగారు. ఆయన మెల్లగా గుమ్మం వైపు జరుగుతున్నాడు. కుక్క ఆయన వెంటే నడుస్తోంది.

"నువ్వు కుట్టు క్లాసుకి వెళ్లాక, ఎండకి తాళలేక మన కూలర్ కోసం పైకొస్తుంది పాపం. ఓ కునుకు తీసి వెళ్లిపోతుంది," అన్నాడు.

"నా దిండు మీదా?"

"నాది దానికి ఎత్తు చాలదు."

ఎన్నాళ్లనుంచని అడిగితే, అది పిల్లగా వచ్చినప్పటినుంచీ అన్నాడు. రోజూ మధ్యాహ్నం పక్క ఆయనే దులిపి సర్దుతుంటే, ఈయనకింత ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చిందా అని మురిసిపోయిన తన తెలివికి అత్తకు మరీ మంటెక్కింది.

నమూనాలు తారుమారు చేసింది తను కాదని తేలినందుకు మేనకోడలు ఊపిరి పీల్చుకుంది. ఇక ప్రొఫెసర్ ముందు తలెత్తుకుని నిలబడవచ్చు. కానీ ఇప్పుడు రెండూ కుక్క ఉన్న ఇళ్లే అయ్యాయి. జంటకు వేరే ఇల్లు వెతుక్కోవాలి.

"కుక్క లేని ఇల్లు నీకు తెలిసింది ఏదైనా ఉందా అత్తా?" అని అడిగింది.

"ముందు మొగుడు లేని ఇల్లు చూసుకోవే," అంది అత్త, "కుక్క సంగతి తరవాత అడగొచ్చు."