తనిఖీ బాట

"నది ప్రజలందరిదీ! దాన్ని ప్రజల నుంచి వేరుచేసే మొనగాడు ఇంకా పుట్టలేదు!" అని మంత్రిగారు మైకు అదిరేలా ప్రకటించారు. చప్పట్లు సద్దుమణిగాక, "కాకపోతే, నదికి వెళ్ళడానికి దారంటూ ఏనాడూ లేదు," అని వినయంగా చేర్చారు. అంత పెద్ద మనిషికి అంత వినయం ఎక్కణ్ణుంచి వస్తుందో!

దారి ఉందంటూ జనంలోంచి పడవ మామ లేచాడు. ఊరందర్నీ ఏరు దాటించేది ఆయనే కాబట్టి ఊరందరికీ ఆయన మామే. తాతల నాటి నుంచి ఆయన ఇంటివాళ్ళు ఏటికి నడిచిన దారికి ముళ్ళకంచె వేసి, మంత్రిగారి బావమరిది గెస్ట్‌హౌస్ కట్టుకున్నాడు. అప్పట్నుంచి పడవ ఒడ్డున బోర్లా పడి ఉంది. ఇంట్లో పొయ్యి పరిస్థితీ దాదాపు అంతే.

"దారి ఉంటే అడుగుల జాడ ఉండాలిగా? గడ్డి మొలిచిందే!" అన్నారు స్పెషల్ ఆఫీసరుగారు.

"కంచె వేస్తే మొలవదా బాబూ?"

"చూశావా, మొలిచిందని నువ్వే ఒప్పుకున్నావు."

అయినా మంత్రిగారు ధర్మప్రభువు. దారి లేదని రోజూ కళ్ళారా చూసి నిర్ధారించడానికి కమిటీ వేశారు. సభ్యులంతా బూట్లు తొడుక్కుని, రోడ్డు నుంచి నీళ్ళదాకా నడిచి, గడ్డి క్షేమమేనని చూసుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచేవారు. ఎండనలేదు, వాననలేదు. పాపం, ఆ కష్టం పగవాడికి కూడా వద్దు. కొన్నాళ్ళకి గడ్డి చచ్చి, నున్నటి బాట పడింది.

మామకి ప్రాణం లేచివచ్చింది. "అయ్యా, తమరిప్పుడు దేనిమీద నిలబడ్డారు?"

ఆఫీసరుగారు కిందికి చూసుకున్నారు. "తనిఖీ మీద," అన్నారు.

మర్నాడే 'తనిఖీ బాట, కమిటీ సభ్యులకు మాత్రమే' అని బోర్డూ, గేటూ వెలిశాయి. మామ లబోదిబోమన్నాడు. ఎన్నికలు దగ్గరపడుతున్నాయేమో, మంత్రిగారి గుండె కరిగింది. మామనీ, పడవెక్కే వాళ్ళందర్నీ కమిటీలో చేర్పించేశారు. గేటు దగ్గర కాపలావాడు "దారి ఉందా?" అని అడుగుతాడు. "లేదండీ" అంటే గేటు తీస్తాడు. అంతే! పడవ నీళ్ళలో పడింది, పొయ్యి వెలిగింది.

మామ భార్య ఒక్కతే మొండికేసింది. "ఎదురుగా కనిపిస్తుంటే లేదని ఎలా అంటావయ్యా? సిగ్గనిపించదూ?"

"నాలుగు మెతుకులు లోపలికి పోవద్దుటే?"

"పోనీ. అన్నం మాత్రం గేటు దాకే తెస్తాను."

ఎన్నికల ఫొటోకి మంత్రిగారు తెడ్డు పట్టుకుని పడవలో నిలబడ్డ రోజు, మామ గేటు బయట కూర్చుని అన్నం తింటున్నాడు. పడవని ఒడ్డుకి కట్టిన తాడు ఫొటోకి అడ్డొస్తోందన్నాడు ఫొటోగ్రాఫరు. ఆఫీసరుగారు చటుక్కున విప్పేశారు. పడవ నిదానంగా నడి ఏటికి బయల్దేరింది. తెడ్డు ఏవైపు వెయ్యాలో మంత్రిగారికి ఎవరూ బ్రీఫింగ్ ఇవ్వలేదు.

"మామా! రావయ్యా బాబూ!"

మామ ఎంగిలి చేత్తోనే పరుగెత్తాడు. కాపలావాడు అడ్డంగా నిలబడ్డాడు. డ్యూటీ డ్యూటీయే మరి. "దారి ఉందా?"

మామ వెనక్కి తిరిగాడు. భార్య క్యారేజీ మూత పెట్టుకుంటోంది. ఇన్నాళ్ళూ మింగిన సిగ్గంతా ఆయన గొంతులోకి వచ్చింది.

"ఉంది. మా తాత నడిచింది," అన్నాడు.

గేటు పడింది.

"అతన్ని వదలవయ్యా!" అని నడి ఏట్లోంచి మంత్రిగారి కేక.

"ఎలా వదలమంటారు సార్?" అన్నాడు కాపలావాడు గొంతెత్తి. "దారి ఉందంటున్నాడు!"