గొంతు డాక్టరు పూర్తి పేరు

ఆ పొద్దున పాంతెలిస్ తన పడవకు నీలం రంగు వేద్దామనుకున్నాడు. ఆకుపచ్చే వేయాలని, వేయించిన చేప తింటూ భార్య కలియోపి తగువు పెట్టుకుంది. తిట్టు సగంలో ఉండగా ముల్లు గొంతులో ఇరుక్కుంది. రొట్టె ముద్ద మింగినా దిగలేదు. ఊపిరి ఆడుతోంది గానీ మాట రావడం లేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ నోరు ఆగడం అదే మొదటిసారి.

ఆ చిన్న గ్రీకు ద్వీపం మొత్తానికి ఉన్న ఒక్క ఫోను స్త్రాతోస్ కాఫీ కొట్లో ఉంది. పాంతెలిస్ అక్కడికి పరుగెత్తి, పట్నంలో పెద్దాసుపత్రికి ఫోను చేయించాడు.

"ఏ డాక్టరు? ఆ విభాగం పూర్తి పేరు చెప్పండి," అంది ఆపరేటరు.

"అదేనమ్మా... ఓతో... రినో..." అంటూ అలవాటు కొద్దీ పక్కకు చూశాడు. పక్కన కలియోపి లేదు. ఇన్నేళ్లూ తను మొదలుపెట్టిన ప్రతి మాటనూ పూర్తిచేసింది ఆవిడేనని అప్పుడు తెలిసింది. అవతల ఫోను పెట్టేశారు.

మూల బల్ల దగ్గర కాఫీ తాగుతున్న ఫాదర్ యాకొవోస్ జాలిపడ్డాడు. "విడగొట్టి చెప్పు నాయనా. ఓతో అంటే చెవి, రినో అంటే ముక్కు, లారింగో అంటే గొంతు. లోగోస్ అంటే ఆ మూడింటి సంగతీ తెలిసినవాడు."

"గొంతొక్కటే కదా ఫాదర్ పాడైంది! చెవీ ముక్కూ నిక్షేపంలా ఉన్నాయి."

"అవి దాటితే గానీ గొంతు దాకా పోనివ్వరులే," అన్నాడు స్త్రాతోస్.

రెండోసారి కూడా పాంతెలిస్ ముక్కు దగ్గరే ఆగిపోయాడు. లాభం లేదని ఫాదర్, గొంతులు కాపాడే సెయింట్ వ్లాసియోస్ పటం పట్టుకుని కలియోపి ఇంటికి పరుగెత్తాడు. పటంతో పోతున్న ఫాదర్‌ను చూసి, అంతా అయిపోయిందనుకుని చర్చి కావలివాడు చావుగంట కొట్టాడు. గంట విని వడ్రంగి శవపేటిక కొలతకని టేపు పట్టుకుని కాఫీ కొట్లోకి వచ్చాడు.

"మనిషి ఎంత పొడుగు ఉండేదన్నా?" అన్నాడు మెల్లగా.

"నోర్ముయ్! నా కలియోపి బతికే ఉంది! అది లేకపోతే నేను..." ఆ మాటా పూర్తికాలేదు. పాంతెలిస్ వెక్కుతూ మళ్లీ ఫోను అందుకున్నాడు. "ఓతో... రినో... లారి... లారి..."

తన చావుగంట ఎవడు కొట్టాడో కనుక్కుందామని వచ్చిన కలియోపి గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది. ఇక ఆవిడ వల్ల కాలేదు.

"ఓతోరినోలారింగోలోగోస్! ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట చివరిదాకా చెప్పలేవటయ్యా?"

ఆ అరుపుకు ముల్లు ఊడి వచ్చి వడ్రంగి టేపు మీద పడింది.

"డాక్టరుగారు లైన్లో ఉన్నారు. ఎవరికి బాగాలేదు?" అంది ఫోను.

పాంతెలిస్ కళ్లు తుడుచుకున్నాడు. "ఇప్పుడు..."

"ఎవరికీ ఏమీ లేదు, పెట్టేయండి," అంది కలియోపి.

సాయంత్రానికల్లా పడవ ఆకుపచ్చగా నిగనిగలాడింది.