ఎలియాజరు తిన్న గుడ్డు

అనకాపల్లి బెల్లం మార్కెట్లో వేలం పాడే ఎలియాజరు గొంతుకు ఎవరైనా బెదురుతారు. ఆ గొంతు బెదిరేది ఒక్క సూదికే. గుండెలో స్టెంటు వేయించుకున్న మనిషికి ఇంకా సూది భయమేమిటని మీరడగొచ్చు. ఆ రోజు ఆయనకు ఒళ్లు తెలియలేదు. ఇప్పుడు అన్నీ తెలుస్తున్నాయి, అదే ఆయన దౌర్భాగ్యం.

"ఫ్లూ జ్వరం పట్టుకుంటే నీ గుండె తట్టుకోవడం కష్టం. ఏటా టీకా వేయించుకో" అన్నాడు డాక్టరు. అది విన్నప్పటి నుంచి భార్య రోజలిన్ కూరలో ఉప్పు తగ్గించి, మాటల్లో కారం పెంచింది.

"ఏటయ్యా, సూదేయించుకున్నావా?"

"రేపెళ్తానే."

"ఆ రేపు కేలండర్లో ఏ పేజీలో ఉందో సూపించు."

చివరకొక సాయంత్రం ఎలియాజరు జబ్బ మీద దూది పెట్టి, ప్లాస్టరు అంటించుకుని, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. ఆస్పత్రి గుమ్మం మాత్రం తొక్కలేదు. రోజలిన్ నవ్వుతూ కోడిగుడ్డు ఉడికించి పెట్టింది. తింటుంటే ఆయనకు సిగ్గేసింది గాని, మిగల్చలేదు.

ఆదివారం ఆరాధన తర్వాత చర్చిలోనే ఫ్లూ టీకాల క్యాంపు. వసారాలో నర్సు తలుపులమ్మ బల్ల సర్దుతోంది. మన వీరుడు నిశ్చింతగా ముందు వరసలో కూర్చున్నాడు.

ఆరాధనలో, దేవుడు చేసిన మేలును అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ రోజలిన్ లేచింది. "సూదంటే కళ్లు తిరిగే మా ఆయనకి దేవుడు ధైర్యమిచ్చేడు. టీకా ఎలా ఏయించుకున్నాడో ఆయన నోటితోనే సెప్తాడు."

"హల్లెలూయా!" అంది సంఘం. పాస్టరుగారు మైకు చేతిలో పెట్టారు.

ఎదురుగా జనం, వెనక సిలువ. ఇంట్లో గుడ్డుతో పాటు సులువుగా దిగిన అబద్ధం ఇక్కడ గొంతు దాటడం లేదు. తన బతుకు ఇంతటితో సరి అనిపించింది ఎలియాజరుకు.

"ఏయించుకోలేదండి," అని భోరుమన్నాడు. "భయమేసి దూది నేనే అంటించుకున్నానండి."

ఈసారి హల్లెలూయా ఇంకా గట్టిగా మోగింది. ఆ హోరులోనే ఆయన్ని వసారాలోకి నడిపించుకెళ్లారు.

"రండి బాబూ, మొదటిది మీదే," అంది తలుపులమ్మ. "అమ్మగారు నిన్ననే సెప్పి ఉంచేరు."

ఎలియాజరు నివ్వెరపోయి భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"సూది పేరు సెప్తే ఊరంతా ఇనపడేలా ఏడ్సే మనిషి ఈలేసుకుంటా వత్తే నమ్మేత్తానా?" అంది రోజలిన్. "మళ్లా ఆ ఐసీయూ గుమ్మం కాడ నేను కూకోలేనయ్యా."

ఎలియాజరు బల్ల ముందు కూర్చున్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"రోజా, ఇంటికెళ్లేక గుడ్డు ఉడకేత్తావా?"

"దీని గుడ్డు మొన్ననే తినేసేవు కదా!"