దాకలో గోల్డ్‌ఫిష్

ఆ శుక్రవారం పొద్దున్న సింధూరి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మావగారు కొబ్బరికాయ కొడతారు, టెక్కలి మెయిన్‌రోడ్డులో తన అక్వేరియం షాపు తెరుచుకుంటుంది, సాయంత్రానికి నాలుగు తొట్లయినా అమ్ముడవుతాయి. అంతే.

మావగారు కాశీవిశ్వనాథం కిరాణా వ్యాపారి, గుడి కమిటీ అధ్యక్షుడు. చేపల బజారు మీదుగా వెళ్ళాల్సొస్తే ఊరు చుట్టి వచ్చే మనిషి. అలాంటాయన్ని కొట్టు పక్క గది ఇమ్మని ఒప్పించడానికి కోడలికి నెలలు పట్టింది. "చూసుకోడానికే మావయ్యా, భలే ముద్దొస్తాయి" అని బతిమాలితే చివరికి తలూపారు. "సరే గానీ, ఒక్క మాట పడ్డానంటే మాత్రం ఆ గదిలో చింతపండు బస్తాలు దింపించేస్తాను. ఆనక ఏడవకు" అన్నారు.

ఫ్లెక్సీ బొమ్మ కూడా సింధూరి బుర్రలో పుట్టిందే. పులుసు కాచే మట్టిదాక. అందులో పులుసుకి బదులు నీళ్ళు, తోకలూపుతూ రెండు ఎర్రటి గోల్డ్‌ఫిష్‌లు, ఆవిరి రావలసిన చోట బుడగలు. కింద "వండకండి, పెంచుకోండి" అని ఒక లైను. పైన అత్తగారి పేరుతో "పార్వతి ఫిష్ సెంటర్". బొమ్మ చూసి తనే మురిసిపోయింది పిచ్చిపిల్ల. తీరా ఫ్లెక్సీ బిగించే కొండబాబు అంచులు వెనక్కి మడిచి, చెక్క ఫ్రేముకి శుభ్రంగా మేకులు కొట్టేశాడు. కింది లైను మడతలో పడి గోడ వైపు తిరిగింది. ఇక దాన్ని బల్లులే చదువుకోవాలి.

మొదట ఆటో సోములు దిగాడు.

"అమ్మా, రెండు పార్సిళ్ళు కట్టు. పులుసు కూసింత ఎక్కువెయ్యి."

"ఇది హోటల్ కాదండీ. ఇవి చూసుకోడానికే."

"సూసే తింటాం గానీ, బేగి కానీయమ్మా" అని బెంచీ మీద కూర్చున్నాడు. అతన్ని చూసి ఆటోలో వాళ్ళూ దిగి వరసగా సర్దుకున్నారు.

అంతలో భావనపాడు కూర్మమ్మ చేపల గంప తెచ్చి సరిగ్గా ముగ్గు మీద దించింది. "ఏటమ్మా, హోటేలెట్టి నాకో మాటైనా సెప్పలేదు? సందువా సేపలు తెచ్చినాను. రోజూ నానే ఏస్తాను, ఇంకెవుల్నీ పిలవకు!"

ఆ వాసన పక్కనున్న కిరాణా కొట్లోకి వెళ్ళింది. పూజకని వస్తున్న కమిటీ సెక్రటరీ నరసింగరావు నడిరోడ్డు మీదే ఆగి కండువాతో ముక్కు మూసుకున్నాడు. కళ్ళు మాత్రం ఫ్లెక్సీ మీదే ఉన్నాయి.

"శివశివా! విశ్వనాథం, మీ ఆవిడ పేరు మీద చేపల పులుసా?"

కొబ్బరికాయతో వచ్చిన కాశీవిశ్వనాథం మొహం కందగడ్డయిపోయింది. "బస్తాలు దింపండ్రా!" అని అరిచారు. సింధూరికి ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నాళ్ళ ఆశ, తలుపు తీసిన గంటకే మూత పడబోతోంది.

సరిగ్గా అప్పుడు కూర్మమ్మ ఊరికే గుమ్మం పక్కనున్న తొట్టి అద్దం మీద వేలు పెట్టింది. గోల్డ్‌ఫిష్ గబగబా వేలి దగ్గరికి వచ్చేసింది.

"ఒలమ్మో! నా ఏలు కాడికొచ్చేసినాది! నా జలమలో సేపనేది నన్ను సూసి దగ్గిరికి రాలేదర్రా!"

"కేజీ ఎంతమ్మా అది?" అన్నాడు సోములు.

"నోర్ముయ్యి ఎదవా! దీన్ని తింటావేట్రా?"

అందరూ గొల్లున నవ్వి తొట్టి చుట్టూ మూగారు. ఏమిటా గోల అని కాశీవిశ్వనాథం కూడా వంగి, భయంభయంగా వేలు పెట్టారు. చేప ఆయన వేలి దగ్గరికీ వచ్చింది. పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఇవి ఏం తింటాయమ్మా?" గొంతు మెత్తబడింది.

రొయ్య బొమ్మున్న మేత డబ్బాని సింధూరి కాలితో బల్ల కిందికి తోసేసింది. "ఉడికించిన బఠాణీలు కూడా తింటాయి మావయ్యా. తొక్క తీసి పెట్టాలి."

"బఠాణీలా? మన కొట్లోవేనా?"

ప్రసాదం గుగ్గిళ్ళ కోసం అత్తగారు పార్వతీదేవి ఉడికించి తెచ్చిన బఠాణీలు గిన్నెలో ఉన్నాయి, ఇంకా పోపు పడలేదు. ఆయన ఒక గింజ వలిచి నీళ్ళలో వేశారు. చేప గుటుక్కున మింగేసింది.

"ఓసి దీని తస్సాదియ్యా! ఇవి మనవాళ్ళేనే!" అని అక్కడికక్కడే కొబ్బరికాయ కొట్టేశారు.

సాయంత్రానికి సింధూరి అనుకున్నదానికంటే ఎక్కువ తొట్లే వెళ్ళాయి. కూర్మమ్మ సందువాలు అమ్ముకుని, ఖాళీ గంపలో నీళ్ళ కవరు పెట్టుకుని జోడు గోల్డ్‌ఫిష్‌లు పట్టుకెళ్ళింది. సంబరం పట్టలేక మావగారు రాత్రికి రాత్రే కొత్త ఫ్లెక్సీ కట్టించారు. ఒక్క అక్షరం మడత పడకుండా దగ్గరుండి మరీ చూసుకున్నారు: "ఇచ్చట శుద్ధ శాకాహార చేపలు లభించును."

మర్నాడు ఇంకా తెల్లవారకముందే షాపు వెనక తలుపు ఎవరో మెల్లగా తట్టారు. సింధూరి తీసి చూస్తే నరసింగరావు, కండువా కింద ఖాళీ టిఫిన్ క్యారేజీ. "శాకాహారమేగా అమ్మా, కాస్త పులుసు పొయ్యి" అన్నాడు గుసగుసగా.